పంచాంగంలో చదివే నక్షత్రాలను ఈ నెల కళ్లారా చూడవచ్చు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో రోజూ పంచాంగం గడి వస్తుంది. తిథి, వారం, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం అన్నీ ఉంటాయి. పొద్దున్నే పేపరు తెరవగానే మొదట ఆ గడే చూసే ఇళ్లు మన హైదరాబాద్‌లో ఎన్నో ఉన్నాయి. అయితే అందులో ‘రోహిణి’ అని చదివినవాళ్లను రాత్రి డాబా మీదికి తీసుకెళ్లి రోహిణి ఎక్కడుందో చూపించమంటే చాలామంది చెయ్యెత్తలేరు. పేరు తెలుసు, పాదం తెలుసు, ఆ నక్షత్రంలో ఎవరు పుట్టారో తెలుసు. అది ఎర్రగా ఉంటుందని, ఈ నెల రాత్రి 9 దాటాక సరిగ్గా మన నడినెత్తిన నిలబడుతుందని మాత్రం తెలియదు. అందుకే ఈ ఉత్తరం. పంచాంగం గడి పక్కనే నాలుగు వరుసల చోటు ఇచ్చి, ఆ రాత్రి ఏ దిక్కున, ఎన్ని గంటలకు, ఎంత ఎత్తులో ఏం కనిపిస్తుందో హైదరాబాద్ వేళల ప్రకారం వేయమని కోరుతున్నాం. మొదలుపెట్టడానికి ఈ 2026 జనవరి కంటే మంచి నెల దొరకదు. అలా ఎందుకు అంటున్నామో కింద రాస్తున్నాం. దీన్నే మొదటి నెల సమాచారంగా వేసుకున్నా మాకు సంతోషమే.

ముందు ‘నేటి నక్షత్రం’ అన్న మాటకు అర్థం. ఆ రోజు చంద్రుడు ఏ నక్షత్రం భాగంలో ఉన్నాడో అదే ఆ రోజు నక్షత్రం. చంద్రుడు ఆకాశాన్ని ఒకసారి చుట్టి రావడానికి సుమారు 27.3 రోజులు పడుతుంది. అందుకే ఆ దారిని 27 భాగాలు చేశారు. ఒక్కొక్కటి 13 డిగ్రీల 20 నిమిషాలు, అంటే దాదాపు చంద్రుడి ఒక్కరోజు నడక. మాసాల పేర్లూ ఇలా వచ్చినవే. పౌర్ణమి చంద్రుడు కృత్తిక దగ్గర ఉంటే కార్తికం, మృగశిర దగ్గరైతే మార్గశిరం, పుష్యమి దగ్గరైతే పుష్యం, మఖ దగ్గరైతే మాఘం. ఏటా ఒకటి రెండు నక్షత్రాల తేడా రావచ్చు కానీ లెక్క మాత్రం ఇదే. చలికాలం సాయంత్రాల్లో కృత్తిక నుంచి పునర్వసు దాకా అయిదు నక్షత్రాలు ఒకే వరసలో, ఒకే చూపులో తూర్పు సగాన్ని నింపేస్తాయి. వేసవిలో గానీ వానాకాలంలో గానీ ఇంత ప్రకాశవంతమైన చుక్కలు ఇంత దగ్గరగా కనిపించవు.

చూడటానికి కావలసిన కొలత మీ చేతిలోనే ఉంది. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు 10 డిగ్రీలు. మధ్య మూడు వేళ్లు 5 డిగ్రీలు, చిటికెన వేలు 1 డిగ్రీ. పిల్లల చెయ్యి చిన్నదైనా పొడవూ దానికి తగ్గట్టే ఉంటుంది కాబట్టి లెక్క వాళ్లకూ సరిపోతుంది. నేల అంచు నుంచి నడినెత్తి వరకు తొమ్మిది పిడికిళ్లు. కింద పిడికిళ్లలో చెప్పిన ఎత్తులన్నీ ఇలా కొలవవలసినవే.

దిక్కుల దగ్గర ఎక్కువమంది పొరబడతారు. సూర్యుడు అస్తమించిన చోటే పడమర అనుకుంటాం. జనవరి మధ్యలో హైదరాబాద్‌లో సూర్యుడు అస్తమించేది అసలు పడమరకు 22 డిగ్రీలు నైరుతి వైపుగా. అక్కడి నుంచి రెండు పిడికిళ్లకు కొంచెం పైన కుడికి జరిగితే అసలు పడమర వస్తుంది. ఫోన్‌లో దిక్సూచి ఉంది కదా అంటే, డాబా పిట్టగోడలోనూ ట్యాంకు దిమ్మెలోనూ ఉండే ఇనుప చువ్వల దగ్గర అది తప్పు చూపిస్తుంది. ఇనుముకు దూరంగా జరిగి, ఫోన్‌ను గాలిలో 8 అంకె ఆకారంలో నాలుగైదుసార్లు తిప్పి అప్పుడు చూడాలి. ఇంటి వాస్తు తెలిసినవాళ్లకు ఇదేమీ అక్కర్లేదు, ఈశాన్యం మూల, ఆగ్నేయం మూల ఎటో వాళ్లకు నిద్రలో అడిగినా తెలుసు.

వెలుగు నుంచి చీకటిలోకి వచ్చిన కంటికి అలవాటు పడటానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది. ఈ మధ్యలో ఒక్కసారి ఫోన్ తెర చూసినా మళ్లీ మొదటికొస్తుంది. టార్చి తప్పనిసరైతే దాని ముఖానికి రెండు పొరలు ఎర్ర పతంగి కాగితం కట్టండి. సంక్రాంతి రోజుల్లో ఏ గల్లీలోనైనా దొరుకుతుంది. ఎర్ర వెలుగు రాత్రి చూపును పెద్దగా చెడగొట్టదు. వీధిదీపం నేరుగా కంట్లో పడుతుంటే నీళ్ల ట్యాంకు నీడలో నిలబడండి, లేదా పిట్టగోడ మీద తడి దుప్పటి ఆరేసినట్టు ఒక బట్ట అడ్డం కట్టుకోండి. ఇంకొక హెచ్చరిక. పగలు పతంగులు ఎగరేసిన డాబా మీద రాత్రి మాంజా ముక్కలు పడి ఉంటాయి. చీకట్లో కాలికి చుట్టుకుంటే కోస్తుంది. వెలుగుండగానే ఒకసారి ఊడ్చి ఉంచుకోవాలి. పిట్టగోడ లేని డాబా మీద పైకి చూస్తూ వెనక్కి నడవనే కూడదు.

ఇక ఆకాశం. సంక్రాంతి రోజుల్లో, అంటే 14, 15, 16 తేదీల్లో, రాత్రి 9 గంటల పావుకు ఆగ్నేయం వైపు తిరిగి నిలబడండి. నెల మొదట్లో ఇదే దృశ్యం 10 గంటల పావుకు, నెలాఖరులో 8 గంటల పావుకు కనిపిస్తుంది. నక్షత్రాలు రోజుకు 4 నిమిషాలు ముందుగా వస్తాయి, 15 రోజులకు అది గంట అవుతుంది. మూడు చుక్కలు సమాన దూరంలో, కావడిబద్దలా వరసగా కనిపిస్తాయి. వాటిని ఒకసారి గుర్తుపట్టినవాళ్లు ఇక మరిచిపోరు. మిగతా చలికాలపు ఆకాశాన్నంతా వాటినుంచే వెతుక్కోవాలి. ఆ మూడింటి చుట్టూ నాలుగు మూలల్లో నాలుగు చుక్కలతో పెద్ద దీర్ఘచతురస్రం ఉంటుంది. ఈ మొత్తం గుంపును మనిషి ఆకారంగా ఊహించి ఓరియన్ అంటారు. ఎడమ పైమూలన నారింజ రంగులో మెరిసేది ఆరుద్ర, దానికి ఎదురుగా కుడి కిందిమూలన నీలితెలుపు చుక్క రైజెల్. రెంటినీ ఒకదాని తర్వాత ఒకటి చూస్తే నక్షత్రాలకు రంగులుంటాయని మామూలు కంటికే తెలిసిపోతుంది. ఎర్రటిది చల్లనిది, నీలంగా ఉన్నది వేడిది. మన పొయ్యి మంట లెక్కే. ఆరుద్ర 2019 చివర్లో, 2020 మొదట్లో బాగా మసకబారింది. అది పేలిపోబోతోందని అప్పట్లో ప్రచారం జరిగింది. ఆ నక్షత్రమే ఊదిన పదార్థం చల్లబడి ధూళిగా మారి మనకు అడ్డం వచ్చిందని తర్వాత శాస్త్రవేత్తలు తేల్చారు.

ఆరుద్రకు పైన, రెండు భుజాల మధ్య, తలలా కనిపించే మూడు మసక చుక్కల చిన్న గుంపు మృగశిర. నగరంలో ఇది కష్టం, బైనాక్యులర్స్‌తో తేలిక. పాత కథ ఇక్కడ ఆకాశం మీదే గీసి ఉంది. లేడి రూపంలో పారిపోయే ప్రజాపతి, అతన్ని తాకిన మూడు ముక్కల బాణం, దాన్ని వేసిన మృగవ్యాధుడు. ఆ బాణమే మన మూడు చుక్కలు. వాటి వరసను ఎడమవైపు కిందికి పొడిగించండి, రెండు పిడికిళ్ల దూరంలో భగ్గుమంటూ కనిపించేదే మృగవ్యాధుడు, సిరియస్. రాత్రి ఆకాశంలోని నక్షత్రాలన్నిటిలో ఇదే అత్యంత ప్రకాశవంతమైనది. దూరం 8.6 కాంతి సంవత్సరాలు. కిందుగా ఉన్నప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు మార్చి మార్చి మెరుస్తుంది. దాన్ని డ్రోన్ అనీ, ఇంకేదో వింత అనీ ఫోన్లలో వీడియోలు తిరుగుతుంటాయి. నక్షత్రం మనకు ఒక సూదిమొన అంత బిందువు. గాలిపొరలు కదిలినప్పుడల్లా ఆ సన్నటి వెలుగు వంగి, రంగులుగా విడిపోతుంది. గ్రహం చిన్న పళ్లెంలా కొంత వెడల్పు ఉన్నది కాబట్టి అంతగా మిణకదు. ఏది గ్రహమో, ఏది చుక్కో తేల్చుకోవడానికి ఇదే తేలికైన గుర్తు.

అదే మూడు చుక్కల వరసను ఇప్పుడు కుడివైపు పైకి పొడిగించండి. రెండు పిడికిళ్ల దూరంలో, సరిగ్గా నడినెత్తికి దగ్గరగా ఎర్రటి చుక్క వస్తుంది. అదే రోహిణి. హైదరాబాద్ ఉన్నది 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, రోహిణి ఉన్నది ఖగోళ మధ్యరేఖకు, అంటే భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే రేఖకు, 16.5 డిగ్రీల ఉత్తరాన. అందువల్ల చిటికెన వేలంత తేడాతో అది మన నెత్తిమీదుగానే వెళుతుంది. దారం చివర గుండు కట్టి వేలాడదీస్తే ఆ దారం పై కొస చూపించేది ఆ సమయంలో దాదాపు రోహిణినే. పిల్లలతో చేయించదగిన పని ఇది. రోహిణితో కలిసి కొన్ని చుక్కలు బండి నొగల్లా రెండు గీతలుగా కనిపిస్తాయి, పాతకాలం వాళ్లు రోహిణీ శకటం అన్నది దీన్నే. రోహిణి దూరం 65 కాంతి సంవత్సరాలు. ఆ బండిలోని మిగతా చుక్కలు అంతకు రెట్టింపు పైగా దూరంలో ఉన్న వేరే గుంపు. చూపుకే ఒక దారిలో పడ్డాయి.

ఇంకొక పిడికిలిన్నర దాటితే కృత్తికలు, మన పల్లెల్లో పిల్లలకోడి అనేవి. కోడి చుట్టూ పిల్లల్లా ముద్దగా ఉంటాయి. చీకటి ఊళ్లో మంచి కంటికి ఆరు కనిపిస్తాయి, కుమారస్వామికి పాలిచ్చిన తల్లులు ఆరుగురే కదా. నగరం మధ్యలో మూడు నాలుగు కనిపిస్తే గొప్ప. నేరుగా కాకుండా కొంచెం పక్కకు చూడండి, ఒకటి రెండు ఎక్కువ కనిపిస్తాయి. కంటిపాప వెనక నడిమి భాగం రంగులకూ వివరాలకూ పనికొస్తుంది గానీ మసక వెలుగును పట్టేది దాని చుట్టుపక్కల భాగమే. బైనాక్యులర్స్ పెడితే అక్కడ పదుల కొద్దీ నీలి చుక్కలు గుప్పున విచ్చుకుంటాయి. టెలిస్కోపు కంటే బైనాక్యులర్స్‌లోనే బాగుండేవి ఆకాశంలో కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది కృత్తిక.

పునర్వసును ఈ నెల గురుడే చూపిస్తాడు. తూర్పున, నేల అంచు నుంచి అయిదు పిడికిళ్ల ఎత్తులో, మిణకకుండా తెల్లగా వెలిగే అతిపెద్ద చుక్క గురుగ్రహం. దానికి ఎడమగా, కొంచెం కిందుగా దాదాపు సమానమైన రెండు చుక్కలు కవలల్లా ఉంటాయి. అవే పునర్వసు. మీ పంచాంగంలో గురుడు మిథునంలో ఉన్నాడని రాస్తారు, ఆకాశంలోనూ మిథునంలోనే కనిపిస్తున్నాడు. చదివిందీ చూసిందీ ఒకటే అవడం ఎంత బాగుంటుందో చెప్పలేం.

గురుడి గురించి ఇంకొంచెం రాయాలి, ఎందుకంటే ఈ నెల ఆకాశానికి పెద్ద అతిథి ఆయనే. జనవరి 10, శనివారం, గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వస్తాడు. సూర్యుడు దిగగానే తూర్పున ఎక్కుతాడు, రాత్రంతా ఉంటాడు, తెల్లవారుతుండగా పడమర దిగుతాడు. ఈ ఏడాదికి మనకు అతి దగ్గరగా వచ్చేదీ అప్పుడే, అయినా దూరం 63 కోట్ల కిలోమీటర్లకు పైనే. ఆ వెలుగు మన కంటికి చేరడానికి 35 నిమిషాలు. అర్ధరాత్రి దాటాక 12 గంటల 20 నిమిషాల ప్రాంతంలో నడినెత్తికి అర పిడికిలి ఉత్తరంగా నిలుస్తాడు. అంత ఎత్తులో ఉన్నప్పుడు పొగా మంచూ అడ్డు తక్కువ. నగరం నడిబొడ్డున అమీర్‌పేటలో ఉన్నా, చార్మినార్ దగ్గర ఉన్నా గురుడు మాత్రం అంతే స్పష్టంగా కనిపిస్తాడు.

గెలీలియో గురుడి పక్కన చుక్కలు చూసింది 1610 జనవరి 7న. ఆ రాత్రి మూడు చూశాడు, 13న నాలుగోది దొరికింది. మీ ఇంట్లో 7 బై 50 గానీ 10 బై 50 గానీ బైనాక్యులర్స్ ఉంటే గురుడి ఉపగ్రహాలైన అవే చంద్రులను మీరూ చూడవచ్చు. కాకపోతే చెయ్యి వణికితే ఏమీ కనిపించదు, అక్కడే చాలామంది నిరాశపడి వదిలేస్తారు. మోచేతులు పిట్టగోడ మీద ఆనించాలి. గురుడు నెత్తిమీదికి వచ్చాక నిలబడి చూడటం మెడకు చేటు, చాప పరుచుకుని తలకింద దిండు పెట్టుకుని పడుకుని చూడాలి. నులకమంచం ఉంటే ఇంకా సుఖం. ముందు కుడి కన్ను మూసి, నడిమి చక్రం తిప్పి ఎడమ కంటికి చుక్క సూదిమొనలా అయ్యేదాకా సరిచేయాలి. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి కంటి గొట్టం దగ్గరి చిన్న వలయం తిప్పి సరిచేయాలి. ఈ రెండో పని చేయకపోవడం వల్లే చాలా బైనాక్యులర్స్ ‘బాగాలేవు’ అనిపించుకుంటాయి. రెండూ సరిచేసినా ఒకే చుక్క రెండుగా కనిపిస్తే లోపలి పట్టకాలు కదిలాయని అర్థం, అది ఇంట్లో బాగుపడేది కాదు.

గురుడికి రెండు పక్కలా ఒకే గీత మీద రెండో మూడో నలుగురో చంద్రులు సన్నటి చుక్కల్లా ఉంటారు. ఒకటి తక్కువైతే అది గురుడి ముందో వెనకో ఉందన్నమాట. అన్నిటికంటే లోపలిదైన అయో 42 గంటల్లో ఒక చుట్టు తిరుగుతుంది, బయటి కలిస్టోకు దాదాపు 17 రోజులు. ఎనిమిది గంటలకు ఒక కాగితం మీద గురుడిని వృత్తంగా, చంద్రులను చుక్కలుగా గీయండి. మళ్లీ పదకొండుకు గీయండి. రెండు బొమ్మలూ కలవకపోవచ్చు. నెలంతా రోజుకొకటి గీసిన పిల్లలకు పాఠ్యపుస్తకంలో ఉపగ్రహం అన్న మాటకు మళ్లీ అర్థం చెప్పనక్కర్లేదు.

కొనేవాళ్లకు ఒక మాట. 10 బై 50లో 10 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 50 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 50ని 10తో భాగిస్తే 5 మిల్లీమీటర్లు, అంత వెడల్పు వెలుగు కంట్లోకి వస్తుంది. చీకట్లో విప్పారిన కంటిపాపకు అది సరిపోతుంది. 20 నుంచి 180 రెట్లు జూమ్ అని రాసిన బైనాక్యులర్స్ రాత్రికి పనికిరావు, వెలుగు చాలదు, వణుకు ఆగదు. టెలిస్కోపు డబ్బా మీద ‘525 రెట్లు’ అని ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి. ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లుందో దానికి రెట్టింపు వరకే రెట్లు పెంచడంలో అర్థముంది. 60 మిల్లీమీటర్లదైతే 120 రెట్లు హద్దు, మంచి గాలి ఉన్న రాత్రే అదీ. మొదట ఎప్పుడూ పెద్ద అంకె ఉన్న కంటిముక్కతో (కన్ను ఆనించి చూసే ఐపీస్‌తో), అంటే 20 లేదా 25 మిల్లీమీటర్లదానితో మొదలుపెట్టాలి. చిన్న అంకెది పెడితే చూసే మేర తగ్గిపోయి గురుడే దొరకడు. 50 రెట్ల దగ్గర గురుడి మీద రెండు బూడిదరంగు పట్టీలు కనిపిస్తాయి, అది చాలు. టెలిస్కోపును అరగంట ముందే బయట పెట్టాలి. గదిలోని వేడి గొట్టంలో ఉంటే బొమ్మ మరుగుతున్న నీళ్లలోంచి చూసినట్టు కదులుతుంది. రాత్రి ముదిరాక అద్దం మీద మంచు పడుతుంది. రుమాలుతో తుడవకూడదు, గీతలు పడతాయి. నల్ల చార్ట్ కాగితాన్ని గొట్టంలా చుట్టి అద్దం ముందుకు జానెడు పొడిగిస్తే మంచు పట్టడం చాలావరకు ఆగుతుంది. పగలు ఏ దుర్భిణినీ సూర్యుడి వైపు తిప్పవద్దు, క్షణంలో చూపు పోతుంది.

దక్షిణాన మనకు బాగా దక్కే ఒక చుక్క ఉంది. అగస్త్య నక్షత్రం. ప్రకాశంలో సిరియస్ తర్వాత స్థానం దానిదే. హైదరాబాద్‌లో అది నేల అంచు నుంచి రెండు పిడికిళ్లు లేస్తుంది. ఢిల్లీలో ఒక్క పిడికిలి కూడా లేవదు, లండన్‌లో అసలు కనిపించదు. వింధ్యను దాటి దక్షిణానికి వచ్చిన మహర్షి పేరు ఈ చుక్కకు పెట్టిన పెద్దలు దక్షిణానికి నడిచేకొద్దీ అది పైకి లేవడం గమనించే ఉంటారనిపిస్తుంది. జనవరి 1న రాత్రి 12 గంటలకు, 15న 11 గంటలకు, నెలాఖరున 10 గంటలకు అది సరిగ్గా దక్షిణాన ఉంటుంది. సిరియస్‌కు కిందుగా, కొంచెం కుడివైపు చూడాలి. దక్షిణం వైపు అపార్ట్‌మెంట్ అడ్డం ఉంటే కనిపించదు, అదొక్కటే షరతు. ఇదే కారణంతో ధ్రువనక్షత్రం మన నగరంలో దొరకడం కష్టం. ఉత్తరాన అది ఉండేది 17 డిగ్రీల ఎత్తులోనే, ఆ ఎత్తులో ఎప్పుడూ ఏదో ఒక భవనం ఉంటుంది.

శని పడమటి వైపు మిగిలి ఉన్నాడు. సంక్రాంతి నాడు రాత్రి 7 గంటలకు నైరుతిలో అయిదు పిడికిళ్ల ఎత్తున పసుపుపచ్చగా, మిణకకుండా ఉంటాడు, 10 దాటాక దిగిపోతాడు. పంచాంగం చెప్పే మీనంలోనే. టెలిస్కోపు పెట్టి వలయాలు చూడాలని ఆశపడేవాళ్లకు ముందే చెప్పాలి: ఈ ఏడాది మొదట్లో వలయాలు దాదాపు అంచుమీద నుంచే కనిపిస్తున్నాయి, గోళానికి అడ్డంగా గుచ్చిన సూదిలా. టెలిస్కోపు చెడిపోలేదు. 2025 మార్చిలో అవి మనకు పూర్తిగా అంచుగా తిరిగాయి, ఇకనుంచి ఏటా తెరుచుకుంటూ పోతాయి. 23న సాయంత్రం నెలవంక శని దగ్గర ఉంటుంది. గుర్తుపట్టడానికి ఆ రోజు తేలిక.

శుక్రుడు, కుజుడు, బుధుడు ఈ నెల కనిపించరు. ముగ్గురూ సూర్యుడికి అవతలి వైపున ఉన్నారు, శుక్రుడు 6న, కుజుడు 9న, బుధుడు 21న సూర్యుడి దిశలోకి వస్తారు. శుక్ర మౌఢ్యమి, పెళ్లి ముహూర్తాలు లేవు అని ఇళ్లలో అనుకుంటున్నది దీని గురించే. మౌఢ్యమి అంటే గ్రహం సూర్యకాంతిలో మునిగి కంటికి కనిపించకపోవడం, చూసి రాసుకున్న మాటే అది. ఈ పరిస్థితుల్లో ‘ఈ రాత్రి ఆకాశంలో గ్రహాల కవాతు’ అని సందేశాలు వస్తే నమ్మవద్దు, రాత్రి ఆకాశంలో మామూలు కంటికి కనిపించే గ్రహాలు ఈ నెల రెండే. అలాగే 3, 4 తేదీల మధ్య రాత్రి క్వాడ్రాంటిడ్ ఉల్కలు రాలతాయి కానీ అదే రాత్రి నిండు పౌర్ణమి. చంద్రుడి వెలుగులో పెద్దవి ఒకటో రెండో తప్ప కనిపించవు. నిద్ర పాడుచేసుకోదగింది కాదు. విదేశీ వార్తల్లోని వేళలను మన వేళలోకి మార్చకుండా, ఇక్కడి నుంచి కనిపిస్తుందా అని చూడకుండా ఇలాంటి వార్తలు అచ్చువేయడం వల్ల జనం ఒకటి రెండుసార్లు మేలుకుని, ఏమీ కనిపించక, ఆకాశం మీదే ఆసక్తి పోగొట్టుకుంటారు. మీ డెస్కు ఈ ఒక్క జాగ్రత్త తీసుకోవాలని గట్టిగా కోరుతున్నాం.

చీకటి రాత్రులు ఎప్పుడంటే, 8 నుంచి 21 దాకా 9, 10 గంటల మధ్య చంద్రుడు అడ్డురాడు. 18న అమావాస్య. అంటే ఈసారి సంక్రాంతి సెలవులు సరిగ్గా చంద్రుడు లేని రాత్రుల్లో పడ్డాయి. పండక్కి ఊరెళ్లేవాళ్లు నగరంలో ఏడాదంతా చూడలేని ఆకాశాన్ని ఆ మూడు రోజుల్లో చూడవచ్చు. భోగి మంటకు తెల్లవారుజామున లేచేవాళ్లు ఒక్కసారి పడమర తిరిగితే గురుడు దిగుతూ ఉంటాడు. మూడు చుక్కల కిందుగా వేలాడే సన్నటి వరస మధ్యలో మసక మరక ఒకటి ఊళ్లో మామూలు కంటికే తెలుస్తుంది. అది ఓరియన్ నీహారిక, దాదాపు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో కొత్త నక్షత్రాలు పుడుతున్న మేఘం.

ఊరు లేనివాళ్లు నగరం నుంచి దక్షిణానికి వెళ్లడం మేలు. చలికాలపు విశేషాలు ఎక్కువగా దక్షిణాకాశంలో ఉన్నాయి, నగరపు వెలుతురు వీపు వెనక ఉత్తరాన ఉండిపోతుంది. సాగర్ రోడ్డులో ఇబ్రహీంపట్నం దాటాక, శ్రీశైలం రోడ్డులో కడ్తాల్ దాటాక తేడా తెలుస్తుంది. అయితే శ్రీశైలం అడవిలో రాత్రిపూట వాహనాలకు అనుమతి ఉండదు, అంతదూరం పోవద్దు. పడమటి వైపైతే వికారాబాద్ అనంతగిరి. తెలిసినవాళ్ల పొలమో, ఫామ్‌హౌసో ఉంటే మంచిది, రోడ్డు పక్కన చీకట్లో ఆగడం ప్రమాదం.

నగరం వెలుతురు ఆకాశాన్ని తినడం కొత్త సంగతి కాదు. 1901లో మొదలై తర్వాత బేగంపేటలో నడిచిన నిజామియా వేధశాల ప్రపంచ నక్షత్ర పట్టిక పనిలో భాగం పంచుకుని, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచి ఇచ్చింది. ఇప్పుడు అదే బేగంపేటలో నిలబడి లెక్కపెడితే చేతివేళ్లు చాలు. ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల టెలిస్కోపును 1960ల చివర్లో నగరానికి దూరంగా రంగాపూర్ వైపు పెట్టవలసి వచ్చింది. వెలుగు వద్దని ఎవరూ అనరు. వీధిదీపానికి పైనుంచి టోపీలాంటి కప్పు ఉండి వెలుగంతా రోడ్డు మీదే పడితే మనుషులకూ మేలు, ఆకాశానికీ మేలు. ఆకాశంలోకి పోయే వెలుగుకు కూడా కరెంటు బిల్లు మనమే కడుతున్నాం.

ఇందుకు మీ పత్రిక చేయగల పని ఒకటుంది. 9 నుంచి 19 లోపు ఏదో ఒక రాత్రి 9 గంటలకు, ఆరుద్ర, రైజెల్ ఉన్న ఆ దీర్ఘచతురస్రంలో మూలల్లోని నాలుగూ వదిలేసి లోపల ఎన్ని చుక్కలు కనిపించాయో లెక్కపెట్టి, కాలనీ పేరుతో పాటు పంపమని పాఠకులను అడగండి. మూడు చుక్కలూ లెక్కలోకి వస్తాయి. కళ్లజోడు వాడేవాళ్లు పెట్టుకునే చూడాలి, బైనాక్యులర్స్ వాడకూడదు, 20 నిమిషాలు చీకట్లో ఉన్నాకే లెక్కించాలి. మబ్బు ఉంటే ఆ రాత్రి వదిలేయాలి. వచ్చిన అంకెలను నగర పటం మీద వేస్తే ఏ కాలనీ మీద ఎంత ఆకాశం మిగిలిందో అందరికీ కనిపిస్తుంది.

ఇక నెలాఖరు అయిదు సాయంత్రాలు మీ పంచాంగం గడిని ఆకాశంతో సరిచూసుకునే అవకాశం. 27న మీ గడిలో కృత్తిక అని ఉంటుంది, సాయంత్రం చంద్రుడు పిల్లలకోడికి మూడు వేళ్ల దగ్గరలో ఉంటాడు. 28న రోహిణి, చంద్రుడు ఎర్ర చుక్కకు ఒక పిడికిలి ఉత్తరంగా. 29న మృగశిర, 30న ఆరుద్ర. ఈ రెండు రోజులూ చంద్రుడు ఆ చుక్కలకు బాగా ఉత్తరంగా నడుస్తాడు, నక్షత్రం పేరు దారిలోని భాగానికి కాబట్టి చుక్కను తాకనక్కర్లేదు. 30న రాత్రి 8 గంటలకు చంద్రుడు గురుడికి పడమటి పక్కన దాదాపు పిడికిలి దూరంలో ఉంటాడు. 31న అదే వేళకు గురుడిని దాటి తూర్పు పక్కకు చేరి, పునర్వసు కవలల పక్కన నిలబడతాడు. ఒక్కరోజులో చంద్రుడు ఎంత నడిచాడో ఆ రెండు సాయంత్రాలు చూస్తే తెలుస్తుంది. ఆ రోజు మీ గడిలో ఉండేదీ పునర్వసే. 31 శనివారం, పిల్లలకు మర్నాడు బడి లేదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
వనస్థలిపురం, హైదరాబాద్